కొత్తగూడలో రోజుకో మాట

జ్యోత్స్నకి చిన్నప్పటి నుంచి నత్తి. అన్ని మాటలకంటే తన పేరు దగ్గరే ఎక్కువ. 'జ్యో' అనబోతే నోరు బిగుసుకుపోయేది. ఎదుటివాళ్లు చూపు తిప్పుకునేవాళ్లు, లేదంటే ఆ మాట తామే పూర్తి చేసేసేవాళ్లు. రెండూ ఆమెకు ఒకేలా తగిలేవి.

ఒంగోలు నుంచి హైటెక్ సిటీకి ఉద్యోగానికి వచ్చాక ఆ బాధ తప్పిందనుకుంది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని. ఆఫీసులో పక్క సీటు వాళ్లతో కూడా చాట్‌లోనే మాట్లాడతారు. భోజనం, క్యాబ్, సరుకులు, అన్నీ యాప్‌లోనే. కొత్తగూడలో ఒంటిగది అద్దెకు తీసుకుంది. ఫోన్‌లో అమ్మ మాట్లాడుతుంటే తను ఊఁ కొట్టేది. నోరు తెరిచి ఒక్క మాట అనకుండానే వారాలు గడిచిపోయేవి. మొదట్లో హాయిగానే ఉండేది.

ఆ వానాకాలం జ్వరం వచ్చింది. లేవలేక, దగ్గర్లోని క్లినిక్‌కి ఫోన్ చేసింది.

"హలో, చెప్పండి," అంది అవతల అమ్మాయి.

జ్యోత్స్నకి గొంతు దాటి ఏమీ రాలేదు.

"హలో... వినపడట్లేదండీ," అని ఆ అమ్మాయి పెట్టేసింది.

మళ్లీ చేసినా అంతే. ఇంకోసారి చేసే ధైర్యం లేక గోడవైపు తిరిగి పడుకుంది. నాలుగు రోజులకు జ్వరం తగ్గింది. ప్రాణం మీదికొచ్చినా ఎవర్నీ పిలవలేనన్న భయం మాత్రం తగ్గలేదు.

కోలుకున్నాక ఒక చిన్న నియమం పెట్టుకుంది. రోజూ ఆఫీసుకు వెళ్లేముందు ఒక మనిషిని ఏదైనా ఒక్క మాట నోటితో అడగాలి. వేలితో చూపించి అడగకూడదు.

ఫ్లైఓవర్ కింద నర్సమ్మ అనే పెద్దావిడ ఆకుకూరలు అమ్మేది. మొదటి రోజు ఆమె ముందు నిలబడి, "తో... తో... తోటకూర" అనేసరికి జ్యోత్స్నకి చెమట పట్టింది.

"ఏంది బిడ్డా? ఇనవడ్తలే, జర గట్టిగ చెప్పు," అంది నర్సమ్మ.

జ్యోత్స్న వెళ్లిపోదామనుకుంది. అంతలో పక్కనున్నాయన మెంతికూర అడిగాడు. నర్సమ్మ అతన్నీ "ఏంది?" అంది. అతను అరిచి చెప్పాడు. ఆవిడకు చెవుడు, పైన బండ్ల హోరు. అక్కడ ఎవరైనా రెండుసార్లు చెప్పాల్సిందే.

జ్యోత్స్న మళ్లీ చెప్పింది.

అప్పటి నుంచి దాదాపు రోజూ వెళ్లింది. కొన్నిసార్లు మాట రాక ఉత్తచేతులతో తిరిగొచ్చింది. కొన్నిసార్లు అసలు గది దాటలేక, మర్నాడు మళ్లీ మొదలుపెట్టింది. గోంగూర అనడం వచ్చాక "బాగున్నారా" కూడా కలిపింది. ఒక్కతే అంత కూర తినలేక సగం కట్టలు వాచ్‌మన్ సాయిలుకి ఇచ్చేది. ఇవ్వడానికీ ఒక మాట కావాలి కదా! నర్సమ్మ మాత్రం ఆమె నత్తి సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. అసలు గమనించిందో లేదో.

ఎండాకాలంలో ఒకరోజు నర్సమ్మ కూర్చునే చోటు ఖాళీగా కనిపించింది. పక్కన కొబ్బరిబోండాలతన్ని అడిగింది.

"ఆమె ఇగ రాదు మేడం. మోకాళ్ల నొప్పులు. బిడ్డ బోరబండకు తోల్కపోయింది."

బోరబండలో ఎక్కడో అతనికి తెలియదు. నర్సమ్మకి తన పేరైనా చెప్పలేదని జ్యోత్స్నకి అప్పుడు గుర్తొచ్చింది. ఈ ఊళ్లో రోజూ తనతో మాట్లాడే మనిషి ఆవిడొక్కతే. ఆ రోజు ఆఫీసులో పని సాగలేదు.

ఇక మానేద్దామనుకుంది. కానీ పొద్దున్నే కాళ్లు అలవాటుగా అటే నడిచాయి. బోండాలతని దగ్గర ఆగి, "లే... లే..." అంటుండగా అతను, "లేత బోండమా?" అన్నాడు.

"ఆ... ఆగండి. నేను చెప్తాను."

అతను కత్తి పట్టుకుని ఆగాడు. ఆమె చెప్పింది.

నత్తి పోలేదు. ఇప్పుడు మీటింగుల్లో తను కనిపెట్టిన తప్పుల గురించి తనే చెబుతుంది. కొందరు ఇప్పటికీ చూపు తిప్పుకుంటారు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ప్లేటు పట్టుకుని, ఎవరైనా ఒంటరిగా ఉంటే, "ఇక్కడ కూ... కూర్చోవచ్చా?" అని అడుగుతుంది. నిన్న అడిగినావిడ తలూపింది కానీ ఇయర్‌ఫోన్లు తీయలేదు. జ్యోత్స్న ఎదురుగా కూర్చుని పప్పన్నం కలుపుకుంది.