కత్తెర బావ విప్పేసిన డబ్బా

మా బావకు నేను పెట్టిన పేరు కత్తెర. ముప్ఫై ఏళ్లుగా ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాడు. ఎంతటివాళ్లు రాసిన పుస్తకమైనా ఆయన చేతిలో పడ్డాక నాలుగు పేజీలు చిక్కిపోకుండా బయటికి రాదు. ఇంట్లోనూ అదే వరస. నిమిషాలు తెలిస్తే చాలని గోడగడియారంలో సెకండ్ల ముల్లు పీకేశాడు. టీవీ రిమోటులో వాడని బటన్ల మీద టేపు అంటించాడు.

మా అక్క జోలికి మాత్రం పోడు. అక్క ఒక తేయాకు కంపెనీలో రుచి చూసే ఉద్యోగి. పొడవాటి బల్ల మీద తెల్లటి కప్పులు బారుగా పెడతారు. ఒక్కో కప్పు మీదికి వంగి, కళ్లు అరమూసి, వాసన పీల్చి, చెంచాడు చప్పరించి ఉమ్మేస్తుంది. ఆ ఆకు ఎక్కడ తడిసిందో, ఎక్కడ మాడిందో చెప్పేస్తుంది. ఇంట్లో పాలు విరగబోతున్నాయని గంట ముందే ఆమెకు తెలుస్తుంది. అందుకే మా కుటుంబంలో మిగతావాళ్లం ముక్కు వాడటం ఎప్పుడో మానేశాం. అక్క వాసన ఉందంటే ఉంది, లేదంటే లేదు.

ఇక బావ మోటారుసైకిలు. పందొమ్మిదేళ్ల ముసలిది. వీధి ఇరుకు కాబట్టి దాని కాపురం ముందుగదిలోనే, సోఫా పక్కన. నేను ఆదివారాలు వాళ్లింటికి వెళ్తుంటాను. ఆ ఆదివారం పొద్దున బావ సీటు విప్పి, బండితో పాటు వచ్చిన పుస్తకం ఒళ్లో పెట్టుకుని, చెవి మీద ఎర్ర పెన్నుతో కూర్చున్నాడు. నేను టార్చి పట్టుకున్నాను. కిటికీలోంచి పడిన ఎండలో దుమ్ము నెమ్మదిగా తేలుతోంది. గదంతా సగం నిద్రలో ఉన్నట్టుంది. మేమూ అలాగే ఉన్నాం.

"ఈ నల్ల డబ్బా ఏంటి బావా?"

"బొగ్గు డబ్బా. ట్యాంకులోంచి వచ్చే పెట్రోలు ఆవిరి బయటికి పోకుండా పట్టుకుంటుందట. ఇది లేకపోయినా బండి నడుస్తుంది."

"అయితే తీసెయ్యండి, దానికీ మోక్షం," అన్నాను. అన్నది నేనే.

ఆయన క్లిప్పులు వదులు చేసి, రెండు పైపులు లాగి, డబ్బా బయటికి తీశాడు. ఇంజనుకు వెళ్లే రంధ్రానికి రబ్బరు మూత బిగించాడు. ట్యాంకు నుంచి వచ్చే పైపును మాత్రం గాలికి అలాగే వేలాడదీశాడు. పుస్తకంలో ఆ డబ్బా గురించిన పేరా మొత్తాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేశాడు. బండి ఒక్క కిక్కుకే స్టార్టయింది. అది అంతకుముందు ప్లగ్గు తుడిచినందుకు అయ్యుంటుంది, కానీ మేమిద్దరం ఘనకార్యం చేసినట్టు చూసుకున్నాం.

సాయంత్రం అక్క గుమ్మంలోనే ఆగింది. "పెట్రోలు కంపు కొడుతోంది," అంది. రెండోరోజూ అంది, మూడోరోజూ అంది. నాలుగోరోజు అనలేదు. వాసన పోయిందని బావ నిశ్చింతగా ప్రూఫుల్లో పడ్డాడు.

పరీక్ష పేపర్లు దిద్దే పని తగిలి నేను రెండు ఆదివారాలు వెళ్లలేదు. మూడో ఆదివారం తలుపు తోసేసరికి పెట్రోలు గుప్పుమని ముఖానికి కొట్టింది. పది అడుగుల అవతల వంటింట్లో పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. పరుగెత్తి పొయ్యి కట్టేసి, కిటికీలన్నీ తెరిచాను.

"అక్కా, ఈ వాసన నీకు తెలియట్లేదా?"

"ఏ వాసనే? అది మొదటి వారమే పోయిందిగా," అంది అక్క. చేతిలోని టీ కప్పును ముక్కు దగ్గరికి తీసుకుని పీల్చింది. మళ్లీ పీల్చింది. తర్వాత కూలబడినట్టు సోఫాలో కూర్చుంది.

అప్పుడు చెప్పింది. వారం రోజులుగా కప్పుల దగ్గర రంగు చూసి, నాలుకను నమ్ముకుని నెట్టుకొస్తోందట. జలుబనుకుందట. శుక్రవారం పొగ పట్టిన ఆకును బాగుందని రాసిందట. కొత్తగా చేరిన అమ్మాయి తప్పు పట్టుకుందట. పై అధికారి మర్యాదగానే రెండు వారాలు సెలవిచ్చి, తిరిగొచ్చాక పన్నెండు కప్పుల పరీక్ష పెడతానన్నాడట.

"కలలో వాన పడుతోందే," అంది అక్క. "రోజూ అదే కల. తడిసిన మట్టి మీద వంగుతాను. ఏ వాసనా రాదు."

ప్రూఫులు దిద్దుతున్న బావ పెన్ను మూత పెట్టాడు. "నువ్వు తిట్టడం మానేశావని, వాసన పోయిందనుకున్నాను," అన్నాడు.

ఆయన్ని కడిగేద్దామని నోరు తెరిచి, టార్చి పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చి మూసుకున్నాను.

బండిని అప్పుడే పెరట్లోకి నెట్టుకెళ్లాం. ఆయన అటక మీంచి డబ్బా దించాడు. బిరుసెక్కిన పైపులు మార్చాడు. క్లిప్పులు నేను బిగించాను. పుస్తకంలో తను కొట్టేసిన పేరా కింద వరసగా చుక్కలు పెట్టాడు. కొట్టేసినది ఉంచెయ్యమని ప్రెస్సువాళ్లకు చెప్పే గుర్తు అది. ముప్ఫై ఏళ్లలో తానెప్పుడూ ఆ చుక్కలు వాడలేదన్నాడు.

పరదాలు ఉతికాం. సోఫా ఎండలో వేశాం. రోజూ పొద్దున బావ టీ పెట్టి తెచ్చేవాడు. అక్క కళ్లు మూసుకుని కప్పు మీదికి వంగేది. తల అడ్డంగా ఊపేది. పెట్రోలు ఆవిరికి ముక్కు మొద్దుబారిందన్నాడు డాక్టరు; వాసన తెలియడం తిరిగి రావచ్చన్నాడు, రాకపోవచ్చనీ అన్నాడు. పదిరోజులు అలాగే గడిచాయి. అక్క కప్పులు కడిగి బోర్లించడం కూడా నెమ్మదిగా చేస్తోంది, ఇక వాటితో పని లేనట్టు.

పదకొండో పొద్దున నేను అక్కడే ఉన్నాను. బావ పెరట్లో బండి తుడిచి, అదే చేతుల్తో టీ తెచ్చాడు. అక్క కళ్లు మూసుకుని వంగింది. కిటికీలోంచి వచ్చే ఎండలో కప్పు మీది ఆవిరి మెల్లగా మెలికలు తిరుగుతోంది. ఉన్నట్టుండి ఆమె నొసలు ముడిపడింది.

"ముందు ఆ చేతులు కడుక్కుని రండి," అంది కళ్లు తెరవకుండానే. "పెట్రోలు కంపు."

బావ కదల్లేదు. కప్పు బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఆమె ముక్కు ముందు చాచాడు.

"ఇంకొక్కసారి తిట్టు," అన్నాడు.