మన బియ్యం చేరని దీవి

మా అన్న మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో పనిచేశాడు. బియ్యం సంచులు కుట్టించి లారీలకు ఎక్కించడం ఆయన చూసుకునే పని. నలభై దాటాక మొదటిసారి సముద్రం చూశాడు. ఆ ఏడాదే విశాఖలో అండమాన్ ఓడ ఎక్కాడు. ఈత రాదు. అంతకుముందు ఎక్కిన ఒకే ఒక్క పడవ, మఠంపల్లి దగ్గర కృష్ణ దాటించే పుట్టి.

తిరిగొచ్చేటప్పుడు విజయవాడలో బస్సెక్కి, కోదాడలో పుట్టింట్లో ఉన్న వదినను దారిలో ఎక్కించుకుని, ముందు సూర్యాపేటలో మా ఇంటికే వచ్చాడు. చెప్పులు విడవకముందే మొదలుపెట్టాడు.

“ఓడల కక్కుకుంట పోయిన చెల్లె. ఆఖరుకు ఓ చిన్న దీవిల దిగిన. గాడ ఒక్కటే దుకాణం. లోపలికి పోతే మన మిర్యాలగూడ సంచి! మన బియ్యం నాకంటె ముందే పోయి కూసున్నయ్.”

“బియ్యం చూడ్డానికి అంత దూరం ఎందుకండీ? మిల్లులో కనపడట్లేదా?” అంది వదిన.

“నవ్వు, నవ్వు. మన బియ్యం పోని దీవి ఒక్కటన్న ఉంటది. గాడ కాలు పెట్టే వస్త.”

అప్పటినుంచి అదే ఆయన కోరిక. ఏటా ధాన్యం రాక తగ్గి మిల్లు నెమ్మదించగానే బయలుదేరేవాడు. పగడాలు, తాబేళ్లు ఆయనకు పట్టేవి కావు. దిగగానే కిరాణా దుకాణం వెతికేవాడు. ఇంటికొచ్చి గుమ్మంలోనే తల అడ్డంగా ఊపితే, అక్కడా సంచి కనబడిందని మాకు అర్థమయ్యేది. నేను పుస్తకాల్లో చదివిన సాహసికులు దీవుల్లో జెండాలు పాతి వచ్చారు. మా అన్న సొంత ఊరి పేరు చూసి ఓడిపోయి వచ్చేవాడు. ఓడినా, అంత దూరంలో కూడా సంచి కుట్టు ఊడలేదని మాత్రం తప్పకుండా చెప్పేవాడు.

చివరికి అన్నిటికంటే దూరంగా ఉన్న దీవిని ఎంచుకున్నాడు. అక్కడికి చిన్న ఓడ ఎప్పుడో ఒకసారి పోతుంది. టికెట్ కొనేలోపే గుండె జబ్బుతో సూర్యాపేటలో దవాఖానలో చేరాడు. ఒక సాయంత్రం పక్కన కూర్చున్న నాతో అన్నాడు.

“నాకు తిరుగుడు ఇగ కష్టమైతది. నువ్వు పోయి సూసిరా చెల్లె. నాకోసమని అబద్ధం చెప్పకు. మన సంచి ఉంటే ఉన్నదనే చెప్పాలె.”

“చెప్త. ముందు నువ్వు గోలీలు మింగు.”

ఆ వారంలోనే పోయాడు.

సంవత్సరీకం అయ్యాక నేను ఆ దీవికి వెళ్తానంటే వదిన తనూ వస్తానంది. “అన్నేళ్లు నన్ను కోదాడలో దింపి పోయారు. అక్కడ ఏముందో నేనూ చూస్తాను.” ఆమెకు బయటి తిండి పడదు. చిన్న కరెంటు కుక్కరు, పచ్చడి, ఇంకేవో మూటలు సర్దుకుంది.

ఓడలో ఇద్దరికీ వాంతులు. దిగగానే దుకాణానికి నడిచాం. బియ్యం సంచులన్నీ తిప్పి చూశాను. వెనక గదిలోవి కూడా చూపించమన్నాను. దుకాణదారు విసుక్కుంటూనే చూపించాడు. మిర్యాలగూడ పేరు ఎక్కడా లేదు. బయటికొచ్చి వదినకు చెప్పాను.

“గెలిచారన్నమాట,” అని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఏడాదిలో మొదటిసారి నాకు మనసు తేలికైంది. అన్నకు చెప్పడానికి నిజమే సరిపోతుంది.

మధ్యాహ్నం గదిలో వదిన మూట విప్పి బియ్యం కడుగుతోంది. సన్నగా, నూక లేకుండా ఉన్నాయి. ఎక్కడో చూసినవే అనిపించింది.

“ఇవెక్కడియి వదినా?”

“ఎక్కడివేంటి? మీ అన్న మిల్లు నుంచి తెచ్చినవే. ఆఖరి సంచిలో అడుగున మిగిలితే…”

చేయి నీళ్లలోనే ఉండిపోయింది. నా ముఖం చూసింది. ఇద్దరం ఒకేసారి నవ్వాం. నవ్వు ఆగాక కాసేపు ఏడ్చాం.

“మనకంటే ముందు రాలేదు కదమ్మా, మనతోనే వచ్చాయి. అది లెక్కలోకి రాదు,” అంది కళ్లు తుడుచుకుంటూ.

“అన్న ఒప్పుకోడు.”

“ఒప్పుకోరు,” అంది తనే.

అన్నం ఉడికింది. నిజమే చెప్పమన్నాడు కాబట్టి, కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ పైకే చెప్పాను.

“ఉన్నయ్ అన్నా. నీ పెండ్లామే తెచ్చింది.”

“చాడీలు తర్వాత చెబుదువుగాని, ముందు అన్నం తిను,” అంది వదిన.