బావ మాట్లాడిన ఆదివారం

నవ్వించే పుస్తకమే చదవాలని పట్టుబట్టింది నేనే.

మా పుస్తకాల గుంపు నెలకు రెండు ఆదివారాలు, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆన్‌లైన్‌లో కలుస్తుంది. అందరూ కోలారు జిల్లాలో పుట్టి ఇప్పుడు బెంగళూరులోనో మరెక్కడో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడమో ఇంగ్లీషో చదివినవాళ్లు. తెలుగు చదవడం మరిచిపోకూడదని చేరారు. నేను రిటైరైన హైస్కూలు మాస్టరును కాబట్టి నడిపించే పని నాకప్పగించారు. ఎవరు ముందు మాట్లాడాలి, ఎవరు ఆగాలి, ఎవరి మైకు మూయాలి, అంతా నా చేతిలోనే. ఆ పని నాకు చాలా ఇష్టంగా ఉండేది.

వరసగా ఏడుపు పుస్తకాలు చదివి మనుషులు జారిపోతుంటే ఒక కొత్త హాస్య నవల ఎంచాను. కొండ కింద ఒక రాజ్యం. అక్కడ అందరూ బంగారం తవ్వేవాళ్లే. ఆ కొండ అజీర్తితో బాధపడే ముసలమ్మ. ఆమె తేన్చినప్పుడల్లా ఒక సొరంగం కూలుతుంది. చచ్చిపోయిన పనివాళ్లు షిఫ్టు దిగేవాళ్లతో పాటు పైకి వచ్చి, హాజరు గుమాస్తాతో మా టీ ఏదని తగాదా పడతారు. చచ్చినవాళ్లకు క్యాంటీన్ లేదంటాడు గుమాస్తా. ఆ సంగతి చావక ముందే ఎందుకు చెప్పలేదని వాళ్లు ఆఫీసు ముందు ధర్నాకు కూర్చుంటారు.

మా కోలారు బంగారు గనులు, కేజీఎఫ్, ఎరిగినవాడికి ఈ కథలో నవ్వు ఒకటే కనబడదు. నేను మా అక్క ఇంట్లో, గని పనివాళ్లకు కట్టిన ఇళ్ల లైన్లలో ఉండి చదువుకున్నాను. భూమి లోపల రాయి పగిలితే పైన ఇళ్లలో గిన్నెలు కదిలేవి. ఆడవాళ్లు పొయ్యి మీద ఉన్నది ఉన్నట్టే వదిలి, గనిలోకి దిగే షాఫ్ట్ దగ్గరికి పరుగెత్తేవాళ్లు. అలాంటి ఒక పూట మా నడిపన్న పోయాడు. అక్కకు తమ్ముడు, నాకు అన్న. మా ఊరు సుగటూరులో సేద్యం చేసుకుంటున్నవాణ్ని గని పనిలోకి పిలిపించింది మా బావే. ఇద్దరిదీ ఒకటే షిఫ్టు, ఒకటే పని: సొరంగం పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం.

శవాన్ని పైకి తెచ్చిన రోజు ఆఫీసరు మా అమ్మతో, ఒక్క క్షణంలో పోయాడమ్మా, ఏమీ తెలిసి ఉండదు అన్నాడు. బావ పక్కనే నిలబడి తల ఊపాడు. మా అమ్మ తర్వాత బతికిన బతుకంతా ఆ ఒక్క మాట పట్టుకునే బతికింది.

లోపల జరిగింది గడప దాటి ఇంట్లోకి రాకూడదని లైన్లలో ఒక కట్టుబాటు ఉండేది. మగవాడు వస్తాడు, నీళ్లు పోసుకుంటాడు, తింటాడు. ఎట్లా గడిచిందని పెళ్లాం అడగదు. బావ ఇంట్లో గని గురించి చెప్పింది ఒక్క ఎలుకల కథే. లోపలి ఎలుకలు క్యారియర్ మూత ఎలా తీస్తాయో, ముద్ద ఎలా దొర్లించుకుపోతాయో అభినయించి చూపేవాడు. నాకు ఆ కథ నోటికొచ్చేసింది.

గని మూతపడ్డాక కూడా వాళ్లు లైన్లలోనే ఉండిపోయారు. బావ ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము చేరింది. బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడి పోసిన సైనైడ్ దిబ్బల మీదుగా గాలి కొడితే ఆయన దగ్గు ఇంకా ఎక్కువయ్యేది. కళ్లకు పొరలు వచ్చి చదవలేకపోయేవాడు. అందుకని ఒక్కొక్క అధ్యాయం నేనే చదివి, రికార్డు చేసి ఫోనుకు పంపేవాణ్ని. అందులో ప్రేమ ఎంతో, నా గొంతు మీద నాకున్న మోజూ అంతే.

"ఆ గుమాస్తా మా టైం ఆఫీసోడేనప్పా! అచ్చం వాడే! వానికి మీసం ఒకటి పెట్టుంటే నేను ఇప్పుడే పోయి కొట్టుందును," అని ఫోన్ చేసి నవ్వేవాడు. నవ్వు దగ్గులోకి తిరిగేది.

చచ్చినవాళ్లు పైకి వచ్చే అధ్యాయం పంపాక మాత్రం కొన్నాళ్లు ఫోన్ రాలేదు. తర్వాత చేసి, "ఈ తూరి మీటింగులో నేనూ ఒకటి చెప్పాలప్పా," అన్నాడు.

"చెప్పు బావా. ఎలుకలదేనా?"

"నవ్వు పుస్తకమే కదా అని ఇంటా ఉంటే, యాడనో పట్టుకుండె నన్ను. చెప్తాలే. ఇంట్లో చెప్పేది కాదు అది. మొగం తెలీనోళ్లయితే చెప్పొచ్చు."

అది ఎలుకల కథేనని నేను గట్టిగా అనుకున్నాను. రాబర్ట్‌సన్‌పేటలో ఫోన్ నిలబెట్టే ప్లాస్టిక్ స్టాండు ఒకటి కొని తీసుకెళ్లి, ముక్కాలిపీట మీద పెట్టి, ఎట్లా కూర్చోవాలో చూపించి వచ్చాను.

ఆ ఆదివారం బావ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. అక్క ఇంట్లో లేదు. ఆదివారం ఆ వేళకే వీధి కుళాయిలో నీళ్లు వదులుతారు. బిందెలు తీసుకుని వెళ్లింది. మాకు ఆ రోజు ఒక అతిథి కూడా ఉన్నాడు. హాస్యం మీద బాగా మాట్లాడతాడని పేరున్న బెంగళూరు లెక్చరరు. ఆయన మొదలుపెట్టగానే బావకు దగ్గు వచ్చింది. ఎవరో విసుగ్గా "ఏదో సౌండ్ వస్తోంది సార్" అన్నారు. నేను బావ మైకు మూశాను.

దగ్గు వల్లే మూశానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. ఆ అతిథి ముందు, ఆ ఉద్యోగస్తుల ముందు, మా బావ "యాడ", "ఉండాది" అని మాట్లాడుతూ ఎలుకల్ని అభినయించడం నాకు సిగ్గుగా ఉండింది. నేను పుట్టి పెరిగిన మాట అది. ఇంట్లో నేను మాట్లాడేదీ అదే.

కాసేపటికి అతిథి ఆగి, ఎవరైనా ఏమైనా చెప్తారా అన్నాడు. బావ తన వంతు వచ్చిందనుకున్నాడు. చొక్కా సర్దుకుని మొదలుపెట్టాడు. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. అంతలో వేరే ఎవరో ప్రశ్న వేశారు. అతిథి మళ్లీ అందుకున్నాడు.

"కొండమ్మ తేన్పు ఏముందండీ, మా అత్తగారి తేన్పుకు పక్కింటి కుక్క లేచి కూర్చుంటుంది!"

తెర మీద గళ్లలో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. బావ గడిలో బొమ్మ మాత్రం అదురుతోంది. దగ్గుతున్నాడులే అనుకున్నాను. చాట్‌లో ఒకామె, "అంకుల్ ఏదో చెప్తున్నారు, మ్యూట్‌లో ఉన్నట్టున్నారు" అని రాసింది. నేను చదివాను. వేలు కదిపితే చాలు. అతిథి మంచి ఊపు మీద ఉన్నాడని, ఎలుకలేగా అని, కదపలేదు. బావ చాలాసేపు మాట్లాడాడు. చివర్లో చేతులు జోడించాడు. నేనూ మర్యాదకు జోడించాను.

సాయంత్రం ఫోన్ చేశాడు.

"ఇన్నారా అప్పా అందరూ?"

"విన్నారు బావా."

"మొదట్లో నవ్వుతా ఉండ్రి. నవ్వనీలే, వాళ్లకేం తెల్సు. కడాకు ఎవరూ నవ్వలా కదా?"

"లేదు బావా. చాలా బాగా చెప్పినావు."

"ఇంగ దిగిపోయినట్టుండాది నాకు. మీ అక్కకు నువ్వే చెప్పు. నా వల్ల కాదు."

ఏం చెప్పాలని అడిగితే నేను వినలేదని బయటపడుతుంది. సరే అన్నాను.

ఆయన ఆ తర్వాత కొన్ని వారాలు బతికే ఉన్నాడు. ఈ సంగతిలో నన్ను ఎక్కువ తినేది అదే. ఒకసారి చూడటానికి కూడా వెళ్లాను. మంచం మీద ఆనుకుని కూర్చుని, అక్క వంటింట్లోకి వెళ్లగానే మెల్లగా "చెప్పినావా?" అన్నాడు. "చెప్తాలే బావా" అన్నాను. మళ్లీ ఒకసారి చెప్పు బావా, ఆ రోజు సరిగా వినబడలేదు అంటే సరిపోయేది. ఆయన దగ్గుతూ అయినా చెప్పేవాడు. నేను మంచి చొక్కా వేసుకుని వెళ్లి, ఆపిల్ పండ్లు ఇచ్చి, బస్సెక్కి కోలారు వచ్చేశాను.

బావ పోయాక దినాలు ముగిశాయి. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయిన మర్నాడు అక్క నా ఎదురుగా కూర్చుంది.

"నడిపోడు యట్ల పోయినాడో చెప్పప్పా."

నాకు అర్థం కాలేదు.

"మీ బావ పోయే ముందర చెప్పినాడు. నడిపోని సంగతి తమ్మునికి చెప్పినా, వాళ్ల మీటింగులో అందరూ ఇన్నారు, వాణ్ని అడుగు అని. ఇన్నేండ్లు నేను ఒక్క తూరీ అడగలా. అడిగితే ఆ మనిషి ఇంగ అన్నం తినడని అడగలా. ఇప్పుడు అడుగుతా ఉండా."

బావ ఆ ఆదివారం చెప్పింది ఎలుకల కథ కాదని నాకు అప్పుడు తెలిసింది.

అబద్ధం నోటి దాకా వచ్చింది. చాలా సులభం కూడా. "ఒక్క క్షణంలోనే అక్కా..." అని మొదలుపెట్టాను. అక్క నా మొహంలోకే చూస్తోంది. మా అమ్మ విన్న మాటే మళ్లీ నా నోట వింటోంది. నేను ఆగిపోయాను. ఆగి, మైకు మూసిన సంగతి, చాట్ సంగతి, ఫోన్‌లో విన్నామని చెప్పిన సంగతి, అన్నీ చెప్పాను.

అక్క అరవలేదు.

"బడిలో పిల్లోల్ల నోర్లు మూయిచ్చిన చేతులు. ఆ అలవాటు యాడికి పోతాది నీకు," అంది. లేచి వెళ్లి స్టవ్ వెలిగించింది, ఏమీ పెట్టకుండానే ఆర్పేసి వచ్చింది. "నేను బిందె ఒకటి తక్కువ పట్టుకోనుంటే ఇనుందును. ఒక్క బిందె." నా ఫోను వైపు చూసింది. "బొమ్మన్నా ఉండాదా?"

బొమ్మ ఉంది. మీటింగులన్నీ రికార్డు చేసి దాచేవాణ్ని. ఫోన్ అక్క చేతికిచ్చాను. గళ్లలో ఒక గడి, అందులో తపాలా బిళ్లంత బావ. అతిథి అత్తగారి తేన్పు మొదలయింది. నవ్వులు.

"ఆ మనుషుల గొంతులు ఆపు," అంది అక్క.

ఆపాను. వేళ్లతో బావ గడిని పెద్దది చేశాను. అంతా మసకగా ఉంది, కానీ కనబడుతోంది. బావ మాట్లాడుతున్నాడు. మాట్లాడుతూ కుడి చేతి వేళ్ల కణుపులతో పీట మీద కొట్టాడు. ఫోన్ ఉన్నదీ ఆ పీట మీదే కాబట్టి బొమ్మ అదిరింది. నేను ఆ రోజు దగ్గు అనుకున్నది ఇదే.

"కొడతా ఉండాడు," అంది అక్క.

రాయి కూలి మనిషి వెనక చిక్కుకుంటే లోపల నుంచి రాతి మీద కొడతాడు. ఇవతల ఉన్నవాళ్లు తిరిగి కొడతారు. ఉన్నానని వాడు, ఉన్నామని వీళ్లు. లైన్లలో పిల్లలకు కూడా అది తెలుసు. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ మీద మేము ఆడుకునేవాళ్లం.

బావ కుడి చెయ్యి కొట్టింది. ఎడమ చెయ్యి జవాబు కొట్టింది. మళ్లీ కుడి, మళ్లీ ఎడమ. మధ్యలో ఏదో చెబుతున్నాడు. కుడి చెయ్యి నెమ్మదించింది. ఎడమ చెయ్యి మాత్రం అదే వేగంతో కొడుతోంది. ఒక చోట కుడి చెయ్యి పీట మీద వాలిపోయి, ఇంక లేవలేదు. ఎడమ చెయ్యి ఒక్కటే కొడుతూ, కొడుతూ ఉంది.

అక్క పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒక్క క్షణం కాదు," అంది. "చానా సేపు ఉండినాడు నా తమ్ముడు." తర్వాత బావ బొమ్మను వేలితో చూపించి, "ఈ మనిషీ ఆడనే ఉండినాడు," అంది.

ఎడమ చెయ్యి ఆగాక బావ ఇంకా కొంతసేపు మాట్లాడాడు. చేతులు కదలలేదు. పై నుంచి ఎక్కిరమ్మని కబురొచ్చిందేమో, నడిపన్న రాతి వెనక నుంచి ఏమైనా అరిచి చెప్పాడేమో, బావ ఎవరినైనా క్షమించమని అడిగాడేమో. అదంతా మాటల్లోనే ఉంది. ఇంక ఎవరి దగ్గరా లేదు. చివర్లో ఆయన చేతులు జోడించాడు. పక్క గడిలో నేను, మొహం నిండా నవ్వుతో, తిరిగి జోడించాను.

జరిగిందంతా గుంపులో రాసి, నడిపించే పని వదిలేశాను. ఓదార్పు మాటలు చాలా వచ్చాయి. చాట్‌లో హెచ్చరించిన ఆమె మాత్రం ఏమీ రాయలేదు.

ఇప్పుడు వారం వారం అక్క దగ్గరికి వెళుతున్నాను. ఆమె ముక్కాలిపీట ముందుకు జరుపుతుంది. నేను ఫోన్ స్టాండులో పెడతాను. ఇద్దరం బావ పెదవుల్ని చూస్తాం.

"ఇదో, ఈడ చూడు. అక్కకు చెప్పు బావా అని నడిపోడు అన్నట్టు చెప్తా ఉండాడు. అక్క అంటాండాడు కదా?"

ఆమె నా వైపు తిరిగి ఎదురుచూస్తుంది. అవునంటే ఆ రాత్రికి నిద్రపోతుందని నాకు తెలుసు.

"నాకు తెలీడం లేదక్కా," అంటాను.

"సరిగ్గా చూడు," అంటుంది అక్క. మళ్లీ మొదటి నుంచి పెడతాను.