పరంధామయ్య గారూ, గంధపు సానా

పరంధామయ్య గారికి పాత సానరాయి కనబడిందంటే, దాని పుట్టుపూర్వోత్తరాలు విప్పకుండా అడుగు కదలరు. అందులోనూ క్షవరం కత్తులు నూరే రాళ్ళంటే మరీను. అమెరికాలో ఆయనుండే పార్సిప్పనీ ఊళ్ళో ఎవరింటి ముందు పాత సామాన్లు అమ్మే గరాజ్ సేల్ పెట్టినా ఆయన కారే ముందుంటుంది. రాయిని తడుపుతారు, గోటితో గీకుతారు, నోటితో ఆవిరి ఊది వాసన చూస్తారు. రిటైరైన ఇంజనీరు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఈపాటికి ఎవరైనా డాక్టరుకి చూపించేవారు.

ఒకసారి ఒక అమెరికన్ ముసలాయన తన తాతగారి జర్మన్ రాయి అని మురిసిపోతూ చూపించాడు. ఈయన ఊది, వాసన చూసి, "సారీ, ఇది బాత్రూం టైలు" అన్నారు.

"ఆయన సంతోషం మీ సొమ్మేం తిన్నదండీ?" అంది భార్య రాగిణి, కారెక్కాక.

"రాయి విషయంలో అబద్ధం ఆడలేను రాగిణీ."

అందుకే 2009 వేసవిలో, తన ఇంట్లో వ్రతానికి ఆయన రావడం చూడగానే, అదే ఊళ్ళో ఉండే నళిని గుండెల్లో రాయి పడింది.

నళిని అత్తగారు శేషమ్మ నెల్లూరు నుంచి తెచ్చుకున్న గంధపు సాన సూట్‌కేసులో రెండు ముక్కలైంది. వ్రతం దగ్గరపడుతోంది. నళినికి గరాజ్ సేల్‌లో ఒక నున్నటి రాయి దొరికింది. పైన మీగడ రంగు, కింద ఊదా రంగు. తాతగారి బార్బర్ షాపులోదని చెప్పాడు అమ్మినాయన. గంధం తీసేదీ సానే, కత్తి నూరేదీ సానే కదా అనుకుని, చేతులు నొప్పిపుట్టేలా తోమి, అత్తగారితో మాత్రం గుళ్ళో కొన్నానని చెప్పింది.

"వెన్నలా వస్తోందే గంధం. నీకు వస్తువు ఎంచడం తెలుసు నళినీ" అన్నారు శేషమ్మ. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆవిడ నోట కోడలు విన్న మొదటి మెప్పు అది. ఇప్పుడది పోతుందేమోనని నళిని భయం.

పరంధామయ్య గారి కంట పీటల పక్కన రాయి పడనే పడింది. తీసుకున్నారు. తిప్పారు. ఊదారు. వాసన చూశారు. ముఖం వెలిగిపోయింది.

"ఏం రాయి అన్నయ్యగారూ? మా కోడలు గుళ్ళో కొన్నది" అన్నారు శేషమ్మ.

ఆయన నోరు తెరిచి, గుమ్మంలో నిలబడ్డ నళినిని చూశారు. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. నాలుక చివరిదాకా వచ్చినదాన్ని ఆయన మింగేశారు.

"సాన చెల్లెమ్మా. అచ్చమైన సాన. నాకింతవరకూ ఇలాంటిది దొరకలేదు."

"ఏ ఊరిదంటారు?"

"దేవుడి దగ్గరికి వచ్చాక ఇంకా ఏ ఊరు లెండి" అని, గంధానికి చెయ్యి చాపారు. రాగిణి ఆయన్ని ఎగాదిగా చూసింది.

భోజనాలయ్యాక నళిని వంటింట్లో ఆయన్ని పట్టుకుంది. "థాంక్స్ అంకుల్."

"థాంక్స్ ఎందుకమ్మా, సానని సాన అన్నాను." ఒక్క క్షణం ఓర్చుకున్నారు. ఇక వల్ల కాలేదు. "బెల్జియం రాయి తల్లీ, క్షవరం కత్తులు నూరేది. ఆ రెండు రంగులూ ఎవరో అతికించినవి కావు, గనిలోనే అలా..."

నళిని సింకులో కుళాయి పూర్తిగా తిప్పి, అత్తగారికి వినపడకుండా, మొదటి నుంచి చివరిదాకా విన్నది.