వర్జిల్ బాబాయ్ సాసేజ్ బిస్కట్

మా పెట్రోల్ బంకులో పొద్దున్నే పెట్రోలు కన్నా ముందు కాఫీ, కాఫీతోపాటు సాసేజ్ బిస్కట్ అమ్ముడుపోతాయి. మెత్తటి బిస్కట్ రొట్టెను అడ్డంగా కోసి, మధ్యలో పంది మాంసం సాసేజ్, గుడ్డు, చీజ్ ముక్క పెట్టి, కవరులో మూసేసి ఫ్యాక్టరీ నుంచి పంపుతారు. మైక్రోవేవ్‌లో కాసేపు పెడితే చాలు. కెంటకీ కొండల్లో పనికి పోయేవాళ్లందరూ ఒక చేత్తో స్టీరింగ్, ఒక చేత్తో అది పట్టుకుని పోతుంటారు. నేను మాత్రం ముట్టను. కవరు వెనక ఉన్నదంతా పైకి చదివాక ఎవరికి తినబుద్ధవుతుంది? నా చేత అది చదివించినవాడు వర్జిల్ కాంబ్స్.

వర్జిల్ నాకు చుట్టమేమీ కాడు. మా వాగు వెంబడి ఉన్న ఇళ్లలో పెద్దవాళ్లందరూ అందరికీ బాబాయిలే, పిన్నులే. ఆయన బతుకంతా బొగ్గు లారీ నడిపాడు. భార్య ఇమొజీన్ తెల్లారకుండానే లేచి బిస్కట్లు కాల్చి డబ్బాలో పెట్టేది. ఈయనకో పాడు అలవాటుండేది. రుచి చూడకుండానే పళ్లెం మీద ఉప్పు చల్లేవాడు. ఆవిడ తిట్టేది. చర్చి భోజనాల్లో అయితే నలుగురిలోనూ తిట్టేది. "నేను వండింది నోట్లో పెట్టుకోకుండానే వంక పెడతావేం, మొద్దు మొహమా" అనేది. ఈయన నవ్వుతూ ఇంకాస్త చల్లేవాడు.

ఆవిడ పోయాక బంకుకు రావడం మొదలుపెట్టాడు. అప్పట్లో కిటికీ పక్కన ఒక బల్ల ఉండేది. ఆయనతో కలిపి ముసలాళ్లు నలుగురు దాని చుట్టూ చేరి, చేపల గురించీ గనుల గురించీ కోతలు కోసుకుంటూ కూర్చునేవారు. వాళ్లలో ఇద్దరు పోయారు, ఒకణ్ని కూతురు ఒహాయో తీసుకుపోయింది. మిగిలిన ఒక్కడికి బల్లెందుకని బంకు కంపెనీవాళ్లు దాన్ని పీకేసి అక్కడ ఐసు పెట్టె పెట్టారు. నాకు ఒళ్లు మండింది గానీ నా మాట వినేదెవరు? బాబాయ్ మాత్రం సాసేజ్ బిస్కట్ కొనుక్కుని, వెళ్లి తన ట్రక్కులో కూర్చోవడం మొదలుపెట్టాడు.

కిందటి చలికాలం మొదట్లో కాళ్లు వాచి ఆస్పత్రికి వెళ్లొచ్చాడు. మర్నాడు ప్యాకెట్ తెచ్చి కౌంటర్లో ఉన్న నా ముందు పెట్టాడు.

"కళ్లజోడు మర్చిపోయొచ్చానే లవోనా. ఇందులో ఉప్పెంతుందో కాస్త చూసిపెట్టు."

"సోడియం పదకొండు వందల మిల్లీగ్రాములట."

"డాక్టరు రోజంతటికీ పదిహేను వందలు దాటొద్దన్నాడు."

"అయితే ఇది తినేసి రాత్రిదాకా గాలి పీలుస్తూ కూర్చో."

"చీజ్ తీసి పారేస్తేనో?"

నాకు పంతం వచ్చింది. కళ్లజోడు సర్దుకుని వరసగా చదివాను. "ఇదిగో విను. బిస్కట్లో మైదా, పామాయిలు, మజ్జిగ పొడి, ఉప్పు, దాని మీద వంట సోడా. సాసేజ్‌లో ఉప్పు, పంచదార, సోడియం ఫాస్ఫేటు. గుడ్డు కోడి కడుపులోంచి ఉత్తినే వచ్చింది కదా, దానికీ ఉప్పు, ఏదో జిగురు. చీజ్‌లో ఉప్పు చాలక సోడియం సిట్రేటు. ఏది తీసి పారేస్తావు? కవరు నాకుతావా?"

బాబాయ్ కడుపు పట్టుకుని నవ్వాడు. డబ్బులిచ్చి ఆ ప్యాకెట్టే పట్టుకుని పోయాడు.

ఇక రోజూ ఇదే తంతు. ఒకరోజు టర్కీ కోడి సాసేజ్‌ది తెచ్చేవాడు, ఒకరోజు తెల్లసొనది. ఆ తెల్లసొన ప్యాకెట్ మీద పచ్చటి ఆకు బొమ్మ కూడా వేశారు. "దీంట్లో తక్కువుంటుందేమో చూడవే" అనేవాడు. "ఏడు వందల ఎనభై. ఆకు బొమ్మేస్తే ఉప్పు చప్పబడుతుందా? నీకు బుద్ధుండక్కర్లేదా, ఈ వయసులో?" అని నేను దులిపేసేదాన్ని. వెనకాల వరస పెరిగిపోయేది. రోడ్డు పనిచేసే డ్వేన్ కాఫీ కప్పు పట్టుకుని గునిసేవాడు. "మీ ప్రార్థన అయిపోతే నా డబ్బులు తీసుకుంటావా లవోనా? ఆమెన్ అనమంటే నేనంటాను."

ఎంత తిట్టినా బాబాయ్ కొనకుండా వెళ్లేవాడు కాదు. ట్రక్కులో ఇంజను ఆపకుండా అరగంట కూర్చునేవాడు. అద్దం మీద మంచు పట్టి మొహం కనిపించేది కాదు. వంచిన తల మాత్రం కనిపించేది. వేడి కూడా చేసుకోకుండా తింటున్నాడు మహానుభావుడు, చేజేతులా చస్తున్నాడు అనుకునేదాన్ని. ఇంటికెళ్లాక కూడా నాకదే బెంగ.

జనవరిలో ఒకరోజు ఆయన బూట్లు చూశాను. చీలమండలు వాచిపోయి లేసులు కట్టుకోలేక వదిలేశాడు.

"రేపట్నించి నీకు ఇది అమ్మను బాబాయ్."

"అదేంటే? నా డబ్బులు చెల్లవా?"

"నీ చావు నా చేతుల మీదుగా వద్దు. కాఫీ కావాలంటే రా."

"కాఫీ ఇంట్లో కాచుకుంటాను." కౌంటర్ మీది ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నాడు. "ఇది అమ్మకపోతే నేను లోపలికెందుకు రావాలి?"

"ఇంత మొండితనమేంటి బాబాయ్ నీకు? తిండి మీద అంత యావా?"

బాబాయ్ ప్యాకెట్ తనే తీసుకెళ్లి ఫ్రిజ్‌లో మిగతావాటి పక్కన సర్దిపెట్టి, తలుపు వేసి వెళ్లిపోయాడు. తర్వాత రాలేదు. అలిగాడు, దిగొస్తాడు అనుకున్నాను. వారం దాటినా రాలేదు.

ఇంతలో పడ్డచోటే మంచుగా గడ్డకట్టే వాన పడింది. చెట్లు విరిగి తీగల మీద పడి, వాగు పొడుగునా కరెంటు పోయింది. అలాంటప్పుడు మా దగ్గర అందరూ ఫ్రీజర్లు ఖాళీ చేసుకుని చర్చి ముందుకు తెస్తారు. జింక మాంసం, చేపలు, మొక్కజొన్న కంకులు, ఎవరింట్లో ఉన్నది వాళ్లు తెచ్చి నిప్పుల మీద వేస్తారు. కరగక ముందే అందరూ కలిసి తినేస్తారు. వర్జిల్ బాబాయ్ కనిపించలేదు. డ్వేన్ బండి తీసుకుని నేనే ఆయనింటికి వెళ్లాను.

తలుపు తీశాడు. రెండు కోట్లు వేసుకుని ఉన్నాడు. ఇల్లు గడ్డకట్టుకుపోయింది.

"పద బాబాయ్. ఫ్రీజర్లో ఏముంటే అది పట్రా."

"ఏం లేదే."

"జింక మాంసం లేకుండా ఉంటావా నువ్వు?"

"లేదన్నానా, వదిలెయ్." గొంతులో కంగారు వినిపించింది. వెనక వసారా వైపు అడ్డంగా నిలబడ్డాడు. నేను ఊరుకునే రకం కాదు కదా. ఆయన్ని తప్పించుకుని వెళ్లి ఫ్రీజర్ మూత ఎత్తాను.

నిండా సాసేజ్ బిస్కట్లే. అంచుదాకా, ఇటుకల్లా పేర్చి ఉన్నాయి. టర్కీవి ఒక పక్క, పచ్చటి ఆకువి ఒక పక్క. ఒక్క కవరూ చింపి లేదు.

"ఎందుకయ్యా ఇన్ని దాచుకున్నావు? ఒకేసారి తిని పోదామనా?" అని అరిచాను.

"ఒక్కటీ తినలేదే."

నేను నమ్మలేదు. వంటింట్లోకి తీసుకెళ్లి చూపించాడు. పొయ్యి మీద ఓట్స్ జావ గిన్నె ఉంది. వేలితో తీసి నాకి చూశాను, ఉప్పన్నది లేదు. ఇమొజీన్ పిన్ని ఉప్పు బుడ్డి కడిగి కిటికీలో బోర్లించి ఉంది.

"డాక్టరు చెప్పిన రోజే మానేశాను" అన్నాడు.

"మరి కాళ్లు?"

"అది గుండె పని. ఉప్పు మానినంత మాత్రాన అది బాగుపడే వయసా?"

"మరి ఎందుకు కొనడం? ట్రక్కులో కూర్చుని ఏం చేసేవాడివి?"

బాబాయ్ కుర్చీ వీపు పట్టుకుని నేల వైపు చూశాడు. "ఏం చేస్తాను? నువ్వన్నవన్నీ ఒకసారి తల్చుకునేవాణ్ని. మీ పిన్ని పోయాక నన్ను తిట్టే మనిషి లేదే. తినట్లేదని చెబితే నువ్వు తిట్టడం మానేస్తావు కదా."

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ప్యాకెట్లన్నీ అట్టపెట్టెల్లోకి ఎత్తాను. తిట్టడానికి నా ఇంట్లో మాత్రం ఎవరున్నారు? మొగుడు వెళ్లిపోయాక టీవీనే తిడుతున్నాను.

ఆ మధ్యాహ్నం వాటిని నిప్పుల మీద వేడి చేసి అందరికీ పంచాం. డ్వేన్ మూడు తిన్నాడు. "పదకొండు వందలు ఇంటూ మూడు" అని నేనంటే, "నాకు డాక్టరే లేడు" అన్నాడు. ఇన్ని ఎక్కడివని ఎవరూ అడగలేదు. బాబాయ్ నా పక్కన నిలబడి, బూడిదలో కాల్చిన బంగాళాదుంపను ఉప్పు లేకుండా తిన్నాడు.

కరెంటు వచ్చిన మర్నాడు పొద్దున్నే బంకులోకి వచ్చాడు. తలుపు దగ్గరే ఆగిపోయాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

"ఇంక ఏమీ కొనకు బాబాయ్. వచ్చి ఇక్కడ నిలబడు, కబుర్లు చెప్పుకుందాం" అన్నాను.

"ఊరికే నిలబడితే బావుండదే" అన్నాడు. ఫ్రిజ్ దగ్గరికెళ్లి ఒక ప్యాకెట్ తెచ్చి నా ముందు పెట్టాడు. ఆయన కళ్లజోడు చొక్కా జేబులోనే ఉంది. "ఎంతుందో చూసిపెట్టవే."

కవరు తిప్పాను. అక్షరాలు మసకగా కనిపించాయి. చూడకుండానే చెప్పగలను కాబట్టి సరిపోయింది.

"పదకొండు వందలు. సిగ్గూ లజ్జా లేవా నీకు? ఆ కాళ్లు చూసుకున్నావా? మైదా, పామాయిలు, మజ్జిగ పొడి, ఉప్పు, సోడా..."

వెనక డ్వేన్ నిట్టూర్చి కాఫీ కప్పు ఐసు పెట్టె మీద పెట్టాడు. బాబాయ్ తల వంచుకుని వింటున్నాడు. సాసేజ్ అయ్యేసరికి ప్యాకెట్ కోసం చెయ్యి చాపాడు.

"ఆగు, ఎక్కడికి?" అన్నాను. "ఇంకా గుడ్డు ఉంది, చీజ్ ఉంది."

చెయ్యి వెనక్కి తీసుకుని మళ్లీ నిలబడ్డాడు.