పక్షి ముందు యాపిల్ జ్యూస్

మా పక్కింటి అంకుల్ పోయారు. పొద్దున ఆఫీస్‌కి బయల్దేరుతుంటే ఆయన భార్య, మా ఆంటీ, డ్రైవ్‌వేలోకి వచ్చి, "రాత్రి నిద్రలోనే పోయిండు" అన్నారు. ఆ రోజంతా ఏడ్చాను. ఇప్పుడు మాత్రం ఏడుపు కాదు, కోపం. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

అంకుల్‌ది నల్గొండ జిల్లా. కార్ల కంపెనీ ఉద్యోగానికి అమెరికాలో ఈ ఫార్మింగ్టన్ హిల్స్ వచ్చి ఇక్కడే రిటైరయ్యారు. ఏటా అక్టోబర్‌లో తోటల నుంచి పులుపూ వగరూ ఉన్న యాపిల్స్ తెచ్చి, రసం తీసి, బేస్‌మెంట్‌లో పెద్ద గాజు సీసాల్లో పులియబెట్టి హార్డ్ సైడర్ చేసేవారు. కాయలు కడగడం నా పని, తిట్టడం ఆయన పని.

సైడరంటే అంతా ఒకటే అనుకునేదాన్ని. తీపి మొత్తం పులిసిపోయేదాకా వదిలేస్తే డ్రై అన్నారు. ఆయన ప్రాణం అదే. కాస్త తీపి మిగిల్చిన సెమీ స్వీట్ చుట్టాలకి. సీసాలోనే మళ్ళీ పులిసి నురగలు కక్కేది వేరు, నురగే లేకుండా మడ్డిగా ఉండేది వేరు. చలికాలం రసాన్ని బయట గడ్డకట్టించి, అందులో చిక్కటి భాగంతో ఐస్ సైడర్ చేసి, నాకు చెంచాడే పోసేవారు.

పైనాపిల్, చెర్రీ కలిపిన తియ్యటి క్యాన్లు చూస్తే ఆయనకి ఒళ్ళు మండేది. "గిది సైడరా, షర్బతా? పొద్దుగాల తియ్యటి కల్లు పోరగాండ్లు తాగుతరు. మాపటికి పులిసింది కదా అసలు కల్లు." తొందరపడి నేను మూత తీయబోతే, "దాని తీపి దాన్ని తిననియ్యి" అనేవారు. నాకు లేఆఫ్ అయిన ఏడాది రోజూ పిలిచి సీసాలు కడిగించి, నన్ను మళ్ళీ మనిషిని చేసింది ఆయనే.

పక్షికి పెట్టే రోజు, కాకి వచ్చి ముట్టాలని బ్యాక్‌యార్డ్‌లో ఆకు వేశారు. పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ అందులో పెట్టాలి. వాళ్ళ ఊళ్ళో అయితే కల్లు తాగేవాళ్ళకి కల్లు కూడా పెడతారు. ఇక్కడ మటన్ పెట్టారు, గారెలు పెట్టారు. పక్కన గ్లాసులో డబ్బాలోంచి పోసిన యాపిల్ జ్యూస్.

వాళ్ళబ్బాయిని పక్కకి పిలిచి ఇదేంటని అడిగాను.

"అక్కా, ప్లీజ్. ఎల్డర్స్ అందరు ఉన్నరు. డాడ్ డ్రింక్ చేసేవాడు అనుకుంటరు. జ్యూస్ కూడా యాపిలే కదా?"

శుక్రవారం వస్తే బ్రూవరీలో గ్లాసెత్తి ఫొటో పెట్టే కుర్రాడండీ ఈ మాట అన్నది. వెనకాల ఎవరో పెద్దాయన, "ఏ చెడలవాటూ లేని మనిషి" అంటున్నారు. ఆయన విద్యకి చెడలవాటని పేరు పెట్టడానికి వీళ్ళకి నోరెలా వచ్చింది? తప్పు చేసినవాడిని దాచినట్టు ఆయన్ని దాచేశారు.

బేస్‌మెంట్‌లోకి దిగి డ్రై సీసా ఒకటి తెచ్చాను. అబ్బాయి అడ్డం రాబోయాడు. అప్పుడు ఆంటీ లేచారు. ఇంట్లో ఇంత సైడర్ తయారైనా ఏనాడూ చుక్క ముట్టని మనిషి. జ్యూస్‌ని గడ్డిలో ఒంపేసి, నా చేతిలోంచి సీసా తీసుకుని గ్లాసు నిండా పోశారు.

"ఆయన చేసింది ఆయనకు పెట్టేతందుకు సిగ్గేందిరా?"

గ్లాసు ఆకు పక్కన పెట్టారు. సీసాలో ఇంకా సగం ఉంది. అందరూ చూస్తుండగానే ఎత్తి ఒక గుక్క తాగి, మొహమంతా చిట్లించారు.

"గింత పులుపా" అన్నారు ఎవరితోనో. మళ్ళీ సీసా ఎత్తారు.