ఈటెకు పేరు పెట్టాల్సింది రావమ్మే

పటమటలో ఆ సందులో బిడ్డ పుట్టినా, కొట్టు తెరిచినా ముప్పై ఏళ్లుగా పేరు పెట్టాల్సింది రావమ్మే. మైలవరం నుంచి కోడలిగా వచ్చింది. చదివింది ఐదో క్లాసు. అయినా బారసాలలో పేరు రాయడానికి పళ్లెంలో బియ్యం పోసేసరికి అందరూ ఆవిడ వైపే చూసేవారు. మలుపులో కర్రీ పాయింటుకు ‘వదినగారి వంట’ అని పెట్టించింది కూడా ఆవిడే.

అలాంటిది, పక్కింటి సింధూరి ఏకంగా ఒక ఆయుధానికే పేరు కావాల్సి వచ్చి, తనను దాటుకుని ఎదురింటి బాలసరస్వతి టీచర్ని అడిగిందట! పూలమ్మే శౌరమ్మ ఆ కబురు చెప్పినప్పటి నుంచి రావమ్మకు ఒంట్లో ఒకటే మంట.

సింధూరి బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో పనిచేస్తుంది. తీరిక దొరికితే ఫోన్లో రాజులూ మాయలూ ఉన్న నవల రాసి, వారానికో భాగం పెడుతుంది. బాలసరస్వతి రిటైరైన తెలుగు టీచరు. ఈ సందుకు వచ్చి పట్టుమని రెండేళ్లు కాలేదు.

రావమ్మ గిన్నెలో గోంగూర పచ్చడి పెట్టుకుని పక్కింటికి బయల్దేరింది.

“ఏమే, ఏదో కత్తికి పేరు పెట్టించావంట?”

“కత్తి కాదు మామ్మగారూ, ఈటె. విసిరితే ఏరు వెనక్కి పారుతుంది. టీచర్‌గారు భలే పేరిచ్చారు. ప్రళయకాలాగ్నిజిహ్వ!”

“అబ్బో! అది పలికేలోపు శత్రువు ఇంటికెళ్లి భోంచేసి వస్తాడు కదే.”

సింధూరి పకపకా నవ్వింది. “పోనీ, మీరు చెప్పండి.”

రావమ్మ పచ్చడి గిన్నె బల్ల మీద పెట్టింది. పొద్దుటి నుంచీ కూరలు తరుగుతూ ఓ మంచి పేరు కోసం వెతుకుతూనే ఉంది. రుద్రాణి అంటే ఆడపడుచు కూతురు గుర్తొచ్చింది. వజ్రం అంటే సిమెంటు బస్తా గుర్తొచ్చింది. ఇప్పుడు తెలియదంటే, రేపటి నుంచి బియ్యం పళ్లెం ఎదురింటికే వెళ్తుంది.

“అసలు ఆ ఈటె ఎవరిదే?”

“కథలో పిల్ల నాయనమ్మదండీ. ఆవిడంటే రాజ్యమంతా హడల్.”

రావమ్మకు పోయిన అత్తగారు గుర్తొచ్చింది. ఆవిడ పేరు తన నోట ఒక్కనాడూ రాలేదు. ఆసుపత్రిలో పేషెంటు పేరేంటని అడిగితే, ఆధార్ కార్డు చేతిలో పెట్టి నిలబడింది. మనవరాలికి ఆ పేరే పెట్టుకున్నా, పిలిచేది మాత్రం బుజ్జి అనే.

చటుక్కున ఒక ఆలోచన తట్టింది.

“టీచర్‌గారిచ్చిన పేరు ఉండనీ, దివ్యంగా ఉంది,” అంది తియ్యగా. “కానీ కథలో ఎవరూ దాన్ని పలకకూడదు. మేం అత్తగారి పేరు పలుకుతామా ఎక్కడైనా? ‘పెద్దావిడ’ అను చాలు. ‘పెద్దావిడ బయల్దేరింది’ అంటే సైన్యాలు పరుగో పరుగు!”

“మామ్మగారూ!” అని అరిచి సింధూరి అప్పటికప్పుడే టైపు చేయసాగింది. టీచర్ పెట్టిన పేరు ఇక నవల పొడుగునా కిక్కురుమనదు. రావమ్మ గుండె చల్లబడింది.

వారం తిరిగి కొత్త భాగం వచ్చింది. బుజ్జి పైకి చదివి వినిపించింది. ఎక్కడ చూసినా పెద్దావిడే. ‘జిహ్వ’ జాడే లేదు. రావమ్మ మళ్లీ ఒకసారి చదివించుకుంది.

మర్నాడు బాలసరస్వతి గేటు దగ్గరికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

“చూశారా రావమ్మగారూ! నేను పెట్టిన పేరు పలకడానికి రాజులకే ధైర్యం చాలట్లేదు. అసలు పేరేంటో చెప్పమని చదివేవాళ్లంతా సింధూరి వెంటపడుతున్నారట. నాతోనే చెప్పించి వీడియో పెడుతుందట!”

 గోతిలో పూడ్చానని సంబరపడిన పేరును రావమ్మ తానే తీసుకెళ్లి సింహాసనం మీద కూర్చోబెట్టింది.

“పలకకూడదన్న ఆలోచన ఎవరిదో గానీ, మహా తెలివైనవాళ్లండీ,” అంది టీచరు.

ఊరుకుంటే ఆ మెప్పూ దక్కదు. రావమ్మ ఇక ఆగలేకపోయింది. “నాదేనండీ!”

బాలసరస్వతి నవ్వు ఒక్క క్షణం ఆగింది. “మీదా? మీరు... మీరు చెప్పారా?”

ఆ తడబాటు వినేసరికి రావమ్మ ప్రాణం లేచొచ్చింది.

“మరి పిల్ల నన్నడక్కుండా ఉంటుందా అండీ?” అంది, గేటు గడియ తీస్తూ.